జంట మార్కు

నాకు ముక్కు మీదే కోపమని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. అననీండి. మా ఎనిమిదో తరగతిలో నడిచే జంట మార్కు పద్ధతి ఆ కోపంలోంచి పుట్టిందే.

నేను లెక్కల టీచర్ని. కొల్లేటి ఒడ్డున ఒక పెద్ద ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఉండేది ఏలూరులో. పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో, రైసు మిల్లుల ఊక దుమ్ములో. రోజూ పొద్దున్నే ఏలూరులో బస్సెక్కి, దారి పొడుగునా అటూ ఇటూ చేపల చెరువులు చూసుకుంటూ వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాను.

కొన్నేళ్ల కిందట మా బడికి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. క్లాసంతా ఓసారి కలయజూసి, తెలివైన పిల్లల్నీ మొద్దు పిల్లల్నీ విడదీసి కూర్చోబెట్టమనీ, తెలివైన వాళ్ల మీద శ్రద్ధ పెడితే బడి ఫలితాలు మెరుగుపడతాయనీ నాకు సలహా ఇచ్చారు. పిల్లల ముందే ఇచ్చారు. ఆ మొద్దు అన్న మాటకి వెనక బెంచీలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు కనిపించింది. ఒళ్లు మండిపోయింది. ఆయన్నేమీ అనలేను కదా. ఆయన కారు గేటు దాటగానే బెంచీలన్నీ కలగలిపేశాను. బాగా చదివే ప్రతి పిల్ల పక్కనా చదువు రాని పిల్లను కూర్చోబెట్టాను. అంతటితో ఊరుకున్నానా, లేదు. ప్రతి శనివారం పెట్టే స్లిప్ టెస్టులో ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు, అది కూడా ఇద్దరిలో తక్కువ వచ్చిన వాళ్ల మార్కు అని చెప్పేశాను. పెద్ద పరీక్షల్లో మాత్రం ఎవరిది వాళ్లదే.

పిల్లలు లబోదిబోమన్నారు. ఇది ఏ పుస్తకంలో ఉందండీ అని హెడ్మాస్టరు గారు మెల్లిగా అడిగారు. నేను రాయబోయే పుస్తకంలో ఉందన్నాను. ఆయన మంచివారు, నవ్వి వదిలేశారు.

మా బడికి ఎవరు వస్తారో చెప్పకపోతే ఈ గొడవంతా అర్థం కాదు. సొంత పొలాలున్న రైతుల పిల్లలు మాకు రారు. వాళ్లు పొద్దున్నే టై కట్టుకుని పసుపుపచ్చ వ్యానులెక్కి ఏలూరు వెళ్లిపోతారు. మాకు వచ్చేది కొల్లేటి మధ్య లంకల్లో చేపలు పట్టుకునే వాళ్ల పిల్లలు, కూలి పనులకు వెళ్లే వాళ్ల పిల్లలు, బస్టాండు చుట్టూ చిన్న చిన్న పనులు చేసుకునే ముస్లింల పిల్లలు. ఆపైన చెరువు పిల్లలు. అంటే చేపల చెరువులకు కాపలా ఉండే వాళ్ల పిల్లలన్నమాట. చింతలపూడి, కామవరపుకోట వైపు మెట్ట ఊళ్ల నుంచి మొగుడూ పెళ్లాలను తీసుకొచ్చి చెరువు గట్టు మీద ఒక పాక వేసి ఉంచుతారు. చేపలకు మేత వెయ్యడం, దొంగలు పడకుండా చూడటం వాళ్ల పని. చేప పెరిగి పట్టుబడి, అంటే చెరువంతా వలేసి చేపలు పట్టెయ్యడం, అయిపోయాక ఆ సంసారం ఇంకో చెరువుకు మారిపోతుంది. కొత్త చెరువు ఎక్కడుంటే పిల్లలది అక్కడి బడి. ఒక్కోచోట బడే ఉండదు.

మా మీటింగుల్లో బడుల ఫలితాలను తెర మీద రంగులేసి చూపిస్తారు. మార్కులు బాగుంటే ఆకుపచ్చ, ఫరవాలేదనుకుంటే పసుపు, లేదంటే ఎరుపు. మాది ఎప్పుడూ ఎరుపే. జూన్‌లో చేరిన పిల్ల సంక్రాంతికి ఉండదు. మధ్యలో వచ్చిన పిల్ల ఏ బడిలో ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో ఆ పిల్లకే తెలియదు. కష్టపడి ఒకరిద్దర్ని పైకి తెస్తే, ప్రైవేటు బడుల వాళ్లు ఇంటికొచ్చి మరీ ఫీజు తగ్గిస్తామని పట్టుకుపోతారు. ఇవన్నీ ఏ రంగులో చూపిస్తారండీ అని ఓసారి మీటింగులో లేచి అడిగాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇద్దరు ఆడపిల్లల సంగతి. పేర్లు రాయను. రాశానంటే ఇద్దరూ కలిసి నా మీదకి యుద్ధానికొస్తారు, అంత గడుసువాళ్లు ఇప్పుడు.

ఆ పద్ధతి మొదలైన ఏడే, వానలు తగ్గుముఖం పట్టాక, ఎనిమిదో తరగతిలోకి ఒక చెరువు పిల్ల వచ్చింది. మెట్ట నుంచి వచ్చిన సంసారం. మనిషి పొడుగు, క్లాసులో అందరికంటే తల పైకి కనిపించేది. అందుకేనేమో ఎప్పుడూ తల వంచుకునే ఉండేది. ఎవరూ చెప్పకుండానే తిన్నగా వెళ్లి ఆఖరి బెంచీలో గోడ వారన కూర్చుంది. నేను ఏం అడిగినా, అడగడం పూర్తి కాకముందే తెలీదండీ అనేది. కూడికలు వచ్చు, తీసివేతలు సగం వచ్చు. భిన్నం బోర్డు మీద వేస్తే చాలు, కళ్లు కిందికి వాలిపోయేవి. అలాంటి పిల్లని చూస్తే నాకు కోపం రాదు. బాధేస్తుంది. ఆ బాధ ఎవరికీ కనపడకుండా ఇంకాస్త గట్టిగా అరుస్తాను.

ఆ పిల్లని ముందు బెంచీకి లాక్కొచ్చి టైలరమ్మ కూతురి పక్కన కూర్చోబెట్టాను. టైలరమ్మ అంటే బస్టాండు ఎదురు సందులో, ఇంటి వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ముస్లిం ఆవిడ. పుట్టిల్లు ఏలూరు. భర్త బస్టాండులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆమె కూతురు మా క్లాసులో ఎప్పుడూ ఫస్టు. పెన్సిలు చెక్కుకోవడం దగ్గర్నుంచి అన్నీ పద్ధతిగా ఉండాలి ఆ పిల్లకి. పక్కన ఇలాంటి జత పడేసరికి మొహం మాడ్చుకుంది.

మొదటి శనివారం ఇద్దరికీ కలిపి సున్నా వచ్చింది. టైలరమ్మ కూతురికి సున్నా అనేది పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మధ్యాహ్నం బడిలో పెట్టే గుడ్డు కూడా తినకుండా నా టేబులు దగ్గరకొచ్చి, తను రాసినవన్నీ రైటేనండీ అని నిలదీసింది. నాకు తెలుసన్నాను. మరి సున్నా ఎందుకండీ అంది. పక్క పిల్లకి నేర్పు, అప్పుడు రాదు అన్నాను. ఆమె అసలు మాట్లాడనే మాట్లాడదండీ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అయితే నువ్వు మాట్లాడు అని పంపేశాను.

రెండు మూడు శనివారాలు అలాగే గడిచేసరికి టైలరమ్మ బడికి వచ్చింది. మా వైపు కోపం ముదిరే కొద్దీ అండీలు పెరుగుతాయి. ఆమె మెట్లెక్కుతూ అన్న నమస్కారమండీతోనే నాకు అర్థమైపోయింది, ఇవాళ నా పని అయిందని.

"ఏవండీ టీచర్ గారూ, మా పిల్ల రాసుకున్న మార్కు మీరెందుకు తీసేస్తున్నారండీ? పక్కింట్లో పొయ్యి వెలగలేదని వచ్చి మా పొయ్యి ఆర్పేస్తారాండీ?"

ఏం చెప్పినా ఆమె చెవికెక్కలేదు. ఏలూరు నుంచి ప్రైవేటు స్కూలు వాళ్లు ఇప్పటికే ఇంటికి వచ్చి అడిగారనీ, వ్యాను సందు మొగదాకా వస్తుందనీ, ఇలాగైతే పిల్లని అక్కడ చేర్పించడమేననీ చెప్పింది. తీసుకుపోండి, ఎవరు ఆపారు అని నోటిదాకా వచ్చింది. ఎలాగో మింగాను. హాఫియర్లీ పరీక్షల దాకా ఆగి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టమన్నాను. ఆ పరీక్షలకి ఇప్పుడు వేరే పేరేదో పెట్టారు గానీ మా నోళ్లకి హాఫియర్లీయే అలవాటు. ఆమె సరేనండీ అని, సరే కానట్టుగా చెప్పి వెళ్లిపోయింది.

దసరా సెలవులు అయిపోయిన వారంలో చెరువు పిల్ల నాన్న వచ్చాడు. చెప్పులు వరండా కిందే విడిచి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డిసెంబరులో వాళ్ల చెరువు పట్టుబడి ఉందనీ, అది కాగానే కొల్లేటికి అవతలి ఒడ్డున ఇంకో చెరువుకి వెళ్లిపోతున్నామనీ, అక్కడ దగ్గర్లో హైస్కూలు లేదనీ, ఇక పిల్లని చదువు మాన్పించేస్తాననీ చెప్పడానికి వచ్చాడు. మా ఊళ్లోనే ప్రభుత్వం వాళ్ల ఆడపిల్లల హాస్టలుంది, అన్నం బట్టలు వాళ్లే చూసుకుంటారు, ఇక్కడే ఉంచండి అన్నాను. ఆయనకి హాస్టలు సంగతి తెలుసు. తెలిసే వచ్చాడు.

"చదువు ఎక్కే పిల్లయితే ఉంచుదునండీ. ఎన్ని బడులు మార్చినా అడుగునే కూర్చుంటుందండీ. ఇంటికొచ్చి వాళ్లమ్మ ఒళ్లో పడి ఏడుస్తుంది. మా దగ్గరుంటే ఏడవడానికి అమ్మ ఒళ్లయినా ఉంటుందండీ. హాస్టల్లో ఎవరున్నారండీ?"

నేను చదువు పోతుందని బాధపడుతున్నాను, ఆయన పిల్ల ఒంటరిగా ఏడుస్తుందని బాధపడుతున్నాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆయన బాధే పెద్దది. చాలాసేపు బతిమాలాను. చివరికి ఒక మాట మీదకి వచ్చాడు. పిల్ల ఎక్కువగా ఏడ్చేది లెక్కలకే. హాఫియర్లీ లెక్కల పరీక్షలో అందరికంటే అడుగున పడకుండా ఉంటే హాస్టల్లో ఉంచుతాడు. పడితే వాళ్లతో తీసుకుపోతాడు. ఇక ఆ మాట తిరుగులేనిది.

ఆ సంగతి చెరువు పిల్లే తన పక్క పిల్లకి చెప్పిందట. వచ్చిన ఇన్నాళ్లకి నోరు విప్పి పూర్తిగా చెప్పిన మొదటి మాట అదేనని టైలరమ్మ కూతురు తర్వాత నాతో అంది. ఆ రోజు నుంచి చెరువు పిల్ల బడి వదలగానే తిన్నగా గట్టు మీదకి వెళ్లకుండా టైలరమ్మ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలని నాన్న ఆజ్ఞ. ఉన్న ఆ కాస్త వెలుగులోనే చదువు.

ఒకసారి బస్సుకి టైముందని ఆ సందులోకి తొంగిచూశాను. వరండాలో చాప మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. టైలరమ్మ కూతురు వేలు చూపిస్తూ, తెలీదు అనకు, తెలియకపోతే అడుగు, మొహం ఇటు పెట్టు అని గద్దిస్తోంది. అచ్చం నా గొంతే. నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. నేను అంత గయ్యాళిలా ఉంటానా అనిపించింది. టైలరమ్మ మిషను తొక్కుతూ, తనకేం పట్టనట్టు కూర్చుని ఉంది. కూతురు భిన్నాలు ఎంత చెప్పినా ఆ పిల్లకి ఎక్కడం లేదు. కాసేపు చూసి చూసి టైలరమ్మ ఇక ఉండబట్టలేక మిషను ఆపేసింది. అలా కాదే అంటూ ఒక పొడుగాటి గుడ్డ పీలిక తీసుకుంది. దాన్ని మడిచి ఇది సగం, ఇంకోసారి మడిచి ఇది పావు, ఇంకోసారి మడిచి ఇది అరపావు అని చూపించింది. విప్పి మడతలు లెక్కపెట్టమంది. ఎనిమిది గళ్లు వచ్చాయి. మరి పావూ అరపావూ కలిపితే ఎన్ని గళ్లే అని అడిగింది.

చెరువు పిల్ల గుడ్డ మీద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. మూడండీ అంది. తర్వాత తల ఎత్తి, ఎనిమిదిలో మూడండీ అంది. ఆ పిల్ల తల ఎత్తి జవాబు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. సందు మొగలోనే నిలబడిపోయాను. అంతలో టైలరమ్మ నన్ను చూసింది. చూసి బిగుసుకుపోయింది. ఎలాగూ పారేసే పీలికలేనండీ, దీనికేముందండీ అని సంజాయిషీ చెప్పినట్టు అంటూ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేనూ ఏమీ చూడనట్టే వెళ్లిపోయాను. ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరకలేదు, ఏలూరు దాకా నిలబడే వెళ్లాను, అయినా కాళ్లు నొప్పెట్టలేదు.

అలాగని ఒక్కసారిగా అంతా బాగుపడిపోలేదు. ఒక శనివారం మార్కు పెరిగేది, మరో శనివారం మళ్లీ మొదటికొచ్చేది. మధ్యలో ఇద్దరికీ మాటలు కూడా లేవు కొన్నాళ్లు. టైలరమ్మ కూతురు విసుక్కుని పెన్సిలు లాక్కుందట, చెరువు పిల్ల ఆ పూట వాళ్లింటికి వెళ్లలేదట. నేను కలగజేసుకోబోయి ఆగాను. మర్నాడు ప్రేయరు దగ్గర చూస్తే ఇద్దరూ ఒకే జడ రిబ్బను చెరో ముక్కా కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరు ముందు పలకరించారో నాకు ఇప్పటికీ తెలియదు.

పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరూ పరిగెత్తుకుంటూ స్టాఫ్ రూముకి వచ్చారు. చెరువు పిల్ల ఏడుస్తోంది. మర్నాడే వాళ్ల చెరువు పట్టుబడి పెట్టారు.

పట్టుబడి రోజు చూడనివాళ్లకి అదేమిటో తెలియదు. తెల్లారకముందే వలలు లాగే ముఠా దిగిపోతుంది. ఐసు లారీలు గట్టు మీద వరస కడతాయి. ఆ ముఠా మొత్తానికి టీలు, టిఫిను, మధ్యాహ్నం భోజనం కాపలా ఇంటివాళ్లే వండి పెట్టాలి. అక్కడ అదే రివాజు. ఈ పిల్ల తల్లి చంకలో చంటిబిడ్డ. బిడ్డని ఎత్తుకుని ఒక్కతే అంత వంట చెయ్యలేదు. పెద్దపిల్ల ఉంటేనే అవుతుంది. వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. నా చేతిలో ఏముందండీ, లారీలు మాట్లాడేశారండీ అని ఆయన నీరసంగా అన్నాడు. చెరువు యజమానికి చేశాను. ఆయన ఎంతో మర్యాదగా, ఒక్క పరీక్షే కదండీ మేడమ్ గారూ అన్నారు. ఆయన పిల్లలు చదివేది ఏలూరులో. ఆ ఒక్క పరీక్ష మీద ఏముందో చెప్పబోతే ఫోన్ పెట్టేశారు. హెడ్మాస్టరు గారిని పట్టుకుంటే, జిల్లా అంతటికీ ఒకటే పేపరు, నేను మార్చలేనండీ అని చేతులెత్తేశారు. ఆ పిల్ల తల నిమిరి పంపేశాను. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

మర్నాడు బస్సు దిగి తిన్నగా బడిలోకి వెళ్లాను. ఖాళీ చోటు చూడాలి కదా అని ప్రశ్నపత్రాలు పట్టుకుని తల దించుకునే హాల్లోకి వెళ్లాను. తల ఎత్తేసరికి చెరువు పిల్ల తన చోటులో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, తడి జడ వేసుకుని, చేతులు అట్ట మీద పెట్టుకుని నా వైపే చూస్తోంది. పరీక్ష హాల్లో ఎలా వచ్చావే అని అడగడానికి లేదు. గడియారం ఆ రోజు నడిచినంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు.

బెల్లు కొట్టాక టైలరమ్మ కూతురు గబగబా చెప్పింది. ముందు రోజు సాయంత్రం ఇంటికెళ్లి అమ్మతో అంతా చెప్పి ఏడ్చిందట. వాళ్లమ్మ తెల్లవారుతుండగానే భర్తని లేపి, బండి తియ్యమని, వెనకాల కూర్చుని చెరువు గట్టు మీదకి వెళ్లిందట. పొయ్యి ముందు కూర్చున్న పిల్లని చెయ్యి పట్టుకుని లేవదీసి, మొహం కడుక్కుని బడికి వెళ్లు, ఈ వంట నేను చూస్తాను అందట. పిల్ల నాన్న మొహమాటపడితే, మీరెళ్లి వల చూసుకోండి అన్నయ్య గారండీ, పొయ్యి దగ్గర మీకేం పని అని అందట. భర్త ఆ పిల్లని అదే బండి మీద తీసుకొచ్చి బడి దగ్గర దింపాడట.

సాయంత్రం నేను బస్సు సంగతి మర్చిపోయి టైలరమ్మ ఇంటికి వెళ్లాను. అప్పుడే వచ్చినట్టుంది, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఒంటి నిండా పొగ వాసన, చేపల నీచు. మిషను మీద కుట్టాల్సిన జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. పెళ్లి బట్టలు ఇవాళ ఇస్తానన్నావు కదా అని ఎవరో ఆవిడ గుమ్మంలో నిలబడి సాధిస్తోంది. అంతమందికీ ఎలా వండారండీ అన్నాను. టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, అంతమందికి వండటం మాకేం కొత్త కాదండీ, మా పుట్టింట్లో పెళ్లిళ్లకి నేనే వండేదాన్ని అంది. వల ముఠా వాళ్లు తిని, ఈ వంటమనిషిని వచ్చే పట్టుబడికి కూడా పిలవండని అడిగారట. అది చెబుతూ కొంచెం గర్వంగా నవ్వింది కూడా. తర్వాత మొహం గంభీరంగా పెట్టింది.

"ఒక్కటండీ టీచర్ గారూ. ఈసారైనా మా పిల్ల మార్కు మా పిల్లకి ఇచ్చెయ్యండి."

ఇది పెద్ద పరీక్ష కదండీ, ఎవరిది వాళ్లదే అన్నాను. తెలుసండీ, ఊరికే అన్నాను అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. గరిటె తిప్పి తిప్పి అరచేతులు కందిపోయి ఉన్నాయి. ఏలూరు వ్యాను సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు.

పేపర్లు దిద్దేటప్పుడు ఆ పిల్ల పేపరు అట్టడుగున పెట్టుకున్నాను. అన్నీ అయిపోయాక ఇక తప్పక తీశాను. క్షేత్రగణితం మొత్తం వదిలేసింది. కూడికల్లో ఒకచోట తొందరపడి తప్పు చేసింది. భిన్నాలు మాత్రం ఒక్కొక్కటీ పక్కన గళ్లు గీసుకుని, ఆ గళ్లు లెక్కపెట్టుకుని చేసింది. దయ తలచి ఒక్క మార్కు కూడా కలపకూడదని ఒట్టు పెట్టుకుని దిద్దాను. బొటాబొటిగా పాసైంది. క్లాసులో ఆ పిల్ల కంటే తక్కువ వచ్చిన వాళ్లు ఉన్నారు. ఇంకోసారి కూడి చూసుకున్నాను. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. కూర్చుని ఏడ్చాను. కోపిష్టి వాళ్లకి ఏడుపు కూడా తొందరగానే వస్తుంది.

ఆ వారంలోనే వాళ్ల నాన్న వచ్చాడు. గేటు బయట ట్రాలీ ఆటోలో సామానంతా కట్టి ఉంది. సామాను మీద చంటిబిడ్డతో తల్లి కూర్చుని ఉంది. పిల్ల బట్టల మూట ఒకటి విడిగా కట్టుకుని మా వరండా స్తంభం పక్కన నిలబడింది. ఎటు వెళ్లమంటే అటు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. నేను పేపరు ఆయన చేతికి ఇచ్చాను. ఆయనకి చదవడం రాదు. ఎర్ర సిరా మీద వేలు పెట్టి మెల్లిగా తడిమాడు.

అడుగున లేదు కదండీ అని అడిగాడు. లేదండీ అన్నాను. నిజంగానేనాండీ అన్నాడు. నేను అబద్ధం చెప్పే మనిషిలా ఉన్నానా అని కసురుకోబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. నిజంగానేనండీ అన్నాను. ఆయన తలపాగాతో కళ్లు ఒత్తుకున్నాడు. కూతురి దగ్గరికి వెళ్లి, మూట తీసి మా వరండాలో బల్ల మీద పెట్టాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచాడు. ఆటో ఎక్కబోయినవాడు ఆగి, మళ్లీ తిరిగొచ్చాడు. మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను.

"అమ్మగారండీ, మరి ఇప్పుడు అడుగున ఎవరున్నారండీ?"

ఎందుకడిగాడో నాకు తెలియలేదు. లంక నుంచి వచ్చే ఒక పిల్లండీ, వాళ్ల నాన్నతో పడవ మీద వెళ్లి సగం రోజులు బడికే రాదు అన్నాను. ఆయన తల ఊపాడు.

"ఆ పిల్లని కూడా చూడండమ్మా. అక్కడ కూర్చోవడం శానా కష్టమండీ. మా పిల్ల కూర్చుంది కదా, నాకు తెలుసు."

చూస్తానన్నాను. ఆయన వెళ్లి ఆటో ఎక్కాడు. తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని ఊపించింది. ఆటో చెరువుల మధ్య మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా పిల్ల నా పక్కనే నిలబడి చూసింది. ఏడుస్తుందేమోనని దగ్గరికి తీసుకున్నాను. ఏడవలేదు. కాసేపయ్యాక, లంక పిల్ల పక్కన నన్ను వెయ్యండి టీచర్ గారండీ అంది.

నీకే ఇంకా సగం రావు కదే అన్నాను.

"వచ్చిన సగం చెబుతానండీ," అంది.